ఆఫ్రికా పెద్ద నత్త: రైతులు చేయవలసిన పనులు

ఈ నత్త మన దేశమునకు చెందినది కాదు. దీని స్వస్థలము తూర్పు ఆఫ్రికా. 1847వ సంవత్సరమున బెన్సన్ అను శాస్త్రజ్ఞుడు మారిషసు ద్వీపమునుండి తెచ్చిన కొన్ని నత్తలు కలకత్తా చౌరంగీలోని తోటలో విడువబడెను. వాని సంతతియే క్రమముగా అనేక ప్రాంతములకు వ్యాపించెను. చెరువులలోని నత్తలు వేరు. ఇది నేలమీద బ్రదుకునది. పెంకు మొనదేలి, గోధుమవన్నె చారలు గలిగి, సాధారణముగ 3, 4 అంగుళముల పొడవుండును.

పగలు రాళ్లక్రిందను, పెంటకుప్పలలోను, కంచెల మొదళ్లయందును దాగి, రాత్రులందును ముసురు పట్టిన దినములందును పైరుపై బడును. నారుమళ్లు, కూరగాయలు, బొప్పాయి, అరటి, తమలపాకు తోటలు దీనివలన మిక్కిలి చెడును.

ప్రతి నత్తయందును ఆడతనము, మగతనము రెండును గలవు. కావున ప్రతిదియు గ్రుడ్లు పెట్టగలదు. ఒక్కమారు 100 మొదలు 200 వరకు గ్రుడ్లను మట్టిలో పెట్టును. ఎండకాలమున పెంకునోటికి పొర కట్టుకొని నెలల తరబడి మట్టిలో నిద్రించును. అది చచ్చినదని రైతు నమ్మి యుండగా, తొలకరి పడిన వెంటనే మరల వెలువడును. దీనిని పట్టుటకు తొలకరియే సమయము.

సాయంకాలమున గట్లవెంట తడిగోనెలు పరచి, వానిక్రింద బొప్పాయి ఆకులను గాని, కాబేజీ ఆకులను గాని ఉంచవలెను. తెల్లవారకముందే అచట చేరిన నత్తలను ఏరి, చిక్కని ఉప్పునీటి తొట్టిలో వేసి చంపి, లోతుగ పూడ్చవలెను. ఆ ఉప్పునీటిని పొలములో పారబోయరాదు. మట్టి త్రవ్వి, జొన్నగింజలవలె నుండు పసిమి గ్రుడ్లను నలిపివేయవలెను. మెటాల్డిహైడు గుళికలు వాడువారు పశువులకును, కుక్కలకును, పిల్లలకును అందనీయరాదు. ఈ నత్తలయందు మెదడువాపు కలిగించు సూక్ష్మమైన పురుగులు ఉండవచ్చును గనుక వట్టిచేతులతో తాకరాదు. నత్తలున్న చోటినుండి నారును, మట్టిని, ఎరువును పరీక్షింపక తేరాదు.

అమెరికాలోని మయామీ నగరమునకు 1966లో ఒక బాలుడు హవాయినుండి మూడు నత్తలను తెచ్చెను. వాని సంతతిని నిర్మూలించుటకు 1975 వరకు పట్టెను. ఏరివేసిన నత్తలు దాదాపు 18,000. మూడింటిని మొదటనే చంపియున్నచో ఇంత శ్రమ లేకపోయెడిది. ఒక్కరైతు తన చేను శుభ్రపరచినను పొరుగు కంచెనుండి నత్తలు మరల వచ్చును. కావున గ్రామమందలి రైతులందరు ఏకమై, తొలకరి వానలు కురిసిన దినమునుండి ప్రతిరాత్రియు ఏరివేయవలెను.