ధర కన్నా చోటే ముఖ్యం

ఇంట్లో కంప్యూటర్ బల్ల సర్దుకోవాలనగానే చాలామంది కొనాల్సినవాటి జాబితా రాస్తారు. కానీ కంటికీ మెడకీ చెవికీ సుఖం వస్తువు ధరలో కన్నా దాన్ని పెట్టిన చోటులోనే ఎక్కువగా ఉంటుంది. కిటికీ మన వెనకుంటే తెర మెరుస్తుంది; ఎదురుగా ఉంటే వెలుగు కళ్లలో గుచ్చుతుంది. పక్కకు వచ్చేలా బల్ల తిప్పితే రెండు బాధలూ తీరతాయి. తెర చేయి చాపినంత దూరంలో, పైఅంచు కంటి మట్టానికి ఉండాలి. రెండు మానిటర్లుంటే ఎక్కువగా చూసేదాన్ని సరిగ్గా ఎదురుగా పెట్టాలి. రెండింటి మధ్య సందు ముక్కుకు ఎదురైతే మెడ రోజంతా ఏదో ఒక వైపు తిరిగే ఉంటుంది.

స్పీకర్లదీ అదే సంగతి. రెండు స్పీకర్లూ మన తలా సమబాహు త్రిభుజంలా అమరాలి: వాటి మధ్య మీటరుంటే మనకూ మీటరే. సన్నని ధ్వనులు పలికే చిన్న గుండ్రటి భాగం చెవి ఎత్తుకు రావాలి. గది మూలకు నెడితే బేస్ ఉబ్బి మాటలు ముద్దగా వినిపిస్తాయి. అద్దె ఇంటి చిన్న గదిలో ఇవన్నీ కుదురుతాయా అంటారు. పూర్తిగా కుదరకపోవచ్చు; అయినా మూల నుంచి జానెడు ముందుకు జరిపినా, బేస్ కాస్త తగ్గించినా తేడా తెలుస్తుంది. స్టాండు లేకపోతే నాలుగు లావుపాటి పుస్తకాలు చాలు. ఖరీదైనవి కొంటే సరిపోదా అన్నవారికి జవాబొకటే: ఎంత గొప్ప స్పీకరైనా గోడల తీరు మార్చలేదు. కాబట్టి పర్సు తీసేముందు ఉన్నవాటిని జరిపి చూడటమే తెలివి.