విల్లార్డ్ వాచీ... మామయ్య నొక్కు!

హీరో తెరమీదకి రాగానే మనం ముందు ముఖం చూస్తాం. ఆ తర్వాత చొక్కా, కళ్లజోడు, బూట్లు... చేతికున్న వాచీ చూసేవాళ్లెందరు? ఉన్నారండీ! ఒక్క దృశ్యం చూసి అది ఏ కంపెనీదో, ఏ రకమో చెప్పేసే ఘనులున్నారు!

1979లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలా తీసిన 'అపోకలిప్స్ నౌ'నే తీసుకోండి. వియత్నాం యుద్ధం. నదిలో పడవ మీద వెళ్లే కెప్టెన్ విల్లార్డ్‌గా మార్టిన్ షీన్. అతని మణికట్టు మీద లావుపాటి వాచీ కనిపిస్తుంది. అది జపాన్ సీకో వారి 6105-8110 రకం. నీళ్లలో 150 మీటర్ల లోతుకి దిగే డైవర్ల కోసం చేసింది. అభిమానులు దాన్నిప్పుడు 'విల్లార్డ్' అనే పిలుస్తారు. పాత్ర పేరే వాచీ పేరైపోయిందన్నమాట!

సరిగ్గా అలాంటిదే మా మేనమామ పోయాక నా చేతికొచ్చింది. ఆయన విశాఖపట్నం నుంచి ఓడలెక్కిన మనిషి. సింగపూర్‌లో కొన్నారట.

గుర్తుపట్టేదెలా?

ముందు వెనక మూత చూడాలి. 6105 అనేది లోపలి మిషను నంబరు, 8110 పైకేసు నంబరు. విడిగా ఉండే సీరియల్ నంబరులో మొదటి అంకె ఏడాది, రెండోది నెల. మామయ్య వాచీది 34తో మొదలవుతుంది. 3 అంటే 1963 కావచ్చు, 1983 కావచ్చు. కానీ ఈ రకం తయారైంది 1970లలోనే. కాబట్టి 1973 ఏప్రిల్! కీ బుడిపె 4 అంకె దగ్గరుంటుంది. దాన్ని కాపాడడానికి కేసు ఆ పక్క ఉబ్బి ఉంటుంది. సెకన్ల ముల్లు మీద చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. ఇవన్నీ కలిస్తే అసలుదే.

అసలుదే అని తేలింది. వాచీ మాత్రం కదల్లేదు. పట్టుకెళ్లి ఒక దుకాణంలో ఇచ్చాను. "కొత్తదానిలా చేసిస్తాం సార్" అన్నాడు. నిజంగానే చేశాడు! కేసు అంచులన్నీ అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా అయిపోయాయి. ఓడ మెట్ల దగ్గర తగిలిందని మామయ్య మురిపెంగా చూపించే నొక్కు కూడా మాయం! అరగదీసిన లోహాన్ని మళ్లీ తెచ్చి అంటించలేం కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని.

అదే సినిమాలో కర్నల్ కర్ట్జ్ వేషం వేసిన మార్లన్ బ్రాండో సంగతి వినండి. ఆయన సొంత రోలెక్స్‌తోనే నటించారు. అది విమానాల పైలట్ల కోసం చేసిన రకం. ఆ వాచీ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని అభ్యంతరం వస్తే, డయల్ చుట్టూ ఉండే అంకెల చక్రాన్ని ఊడదీసి కెమెరా ముందుకొచ్చారు! వెనక మూత మీద తన పేరు తానే చెక్కుకున్నారు. 2019 డిసెంబరులో న్యూయార్క్‌లో వేలం వేస్తే ఆ వాచీ ఎంతకు పోయిందనుకున్నారు? 19 లక్షల 52 వేల డాలర్లు! చక్రం లేకపోవడమే దానికి గుర్తింపు కార్డు. మధ్యలో ఏ మహానుభావుడో 'బాగుచేస్తా'నని కొత్త చక్రం బిగించి ఉంటే?

మరి బాగుచేయించడమే తప్పా? కాదు. మిషను విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించండి. ఎండిపోయిన రబ్బరు రింగులు మార్పించండి. డయల్‌కి రంగు, కేసుకి పాలిష్ వద్దని ముందే చెప్పండి. మార్చిన పాత భాగాలు అడిగి తెచ్చుకోండి. ఎంత బాగుచేయించినా పాత వాచీతో ఈతకి దిగకండి.

ఇంకోమాట. చీకట్లో మెరిసేవాటిని మనం 'రేడియం వాచీ' అంటాం. 1950ల నాటి కొన్నింటిలో ఉన్నది నిజంగా రేడియమే! మెరుపు పోయినా ప్రమాదం పోదు. అది సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు పడుతుంది. ఆ పూతని గోటితో గీకొద్దు.

తర్వాత మరో ముసలి మెకానిక్ మామయ్య వాచీ లోపలంతా శుభ్రం చేశాడు. ఇప్పుడది టిక్కుటిక్కుమంటూ నడుస్తోంది. కానీ నా బొటనవేలు మాత్రం ఇంకా ఆ నొక్కు కోసం వెతుకుతూనే ఉంటుంది.

మీ ఇంట్లో పాత పెట్టెలో తాతగారి వాచీ ఏదైనా ఉందా? దుకాణానికి పరుగెత్తకండి. ముందు ఆ గీత ఎలా పడిందో అమ్మమ్మనడగండి!