ఎయిర్ పిస్టల్ సిలిండర్ లీక్ అవుతోందా? స్పానర్ పట్టుకునే ముందు చదవండి



2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజత పతకం సాధించింది. ఆ ఆట మీద ఇష్టంతో మీ పిల్లలు కూడా షూటింగ్ నేర్చుకుంటుంటే, ఈ నెల ఈ పేజీ మీ కోసమే.

పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్‌కు గొట్టం కింద ఒక చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో సాధారణంగా 200 బార్ వరకు గాలి నింపుతారు. మన కారు టైరులో ఉండేది సుమారు 2.2 బార్. అంటే దాదాపు 90 రెట్లు! చేతిలో ఇమిడిపోయే వస్తువే అయినా బొమ్మలా చూడకూడదు.

మీటర్ తగ్గిన ప్రతిసారీ లీక్ అనుకోకండి. వేడి తగ్గితే గాలి పీడనం కూడా తగ్గుతుందని పిల్లలు సైన్స్‌లో చదువుకుంటారు. 40 డిగ్రీల వేడిలో 200 చూపిన మీటర్, 25 డిగ్రీల ఏసీ గదిలో 190 దగ్గర నిలుస్తుంది. గాలి నింపేటప్పుడు కూడా సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక ముల్లు కొంత దిగుతుంది. ఇవి లీకులు కావు.

మరి అసలు లీక్‌ను ఎలా కనిపెట్టాలి? ముందు పిస్టల్‌లో పెల్లెట్ లేదని కోచ్ లేదా పెద్దవాళ్లు చూడాలి. తర్వాత సిలిండర్‌ను విడదీసి, మీటర్ రీడింగ్ రాసుకుని, రాత్రంతా ఒకే గదిలో ఉంచండి. ఉదయానికి రీడింగ్ తగ్గితే లోపం సిలిండర్‌లోనే ఉంది. తగ్గకుండా, పిస్టల్‌కు బిగించాకే తగ్గుతుంటే లోపం పిస్టల్ వైపుది. ఎక్కువగా రెండూ కలిసే చోట ఉండే ఓ-రింగ్, అంటే రబ్బరు వాషర్, అరిగి ఉంటుంది. సైకిల్ షాపులో ట్యూబు పంక్చర్ చూసినట్టే, సిలిండర్ మూతి మీద, మీటర్ చుట్టూ సబ్బు నురగ రాస్తే బుడగలు చోటు చెబుతాయి. తర్వాత పొడిగా తుడవండి.

ఇంట్లో చేయదగిన పని ఇంతవరకే. బయట కనిపించే ఓ-రింగ్‌ను కంపెనీ చెప్పిన సైజులోనే కోచ్ సమక్షంలో మార్చవచ్చు. దానికి సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి. కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె వద్దు. అంత పీడనంలో నూనె అంటుకునే ప్రమాదం ఉంది. టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎం-సీల్ పెట్టడం, వెల్డింగ్ చేయించడం అసలే వద్దు. వాల్వ్ లేదా మీటర్ దగ్గర లీక్ ఉంటే, కంపెనీ చెప్పిన పద్ధతిలో గాలి పూర్తిగా తీసేసి సర్వీస్ సెంటర్‌కు పంపండి. గాలి ఉండగా వాల్వ్ విప్పితే అది తూటాలా దూసుకొస్తుంది.

మన గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ. హ్యాండ్ పంపుతో కొడితే ఆ తేమ లోపల నీరుగా మారి, సిలిండర్ గోడను, వాల్వ్‌ను తినేస్తుంది. అందుకే తేమ తీసే ఫిల్టర్ ఉన్న పంపు గానీ, స్కూబా డైవింగ్‌కు వాడే పొడి గాలి గానీ మంచిది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. సిలిండర్ మీద తేదీ ముద్రించి ఉంటుంది. పేరున్న కంపెనీలు చాలావరకు 10 ఏళ్ల గడువే ఇస్తాయి. గడువు దాటినది లీక్ కాకపోయినా పక్కన పెట్టేయాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం ఆ తేదీ చూసుకునే బాధ్యత క్రీడాకారుడిదే. సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొంటే ధర అడిగే ముందు ఆ తేదీ అడగండి. కొత్త సిలిండర్ ఖర్చు ఎక్కువే కావచ్చు, కానీ దాన్ని పట్టుకునేది మన పిల్లల చెయ్యి కదండీ!