నాలుగు ముఖాల అబద్ధాలకోరు

ఐర్లండ్‌లోని కార్క్ ఒక పాత ఓడరేవు పట్టణం. అక్కడ షాండన్ ప్రాంతంలో గుట్ట మీద సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, 1722లో కట్టారు. దాని గోపురానికి నాలుగు వైపులా నాలుగు గడియార ముఖాలు. ఒకటి చెప్పే టైముకీ ఇంకోటి చెప్పే టైముకీ పొంతన ఉండదు! అందుకే ఊరివాళ్లు దానికి ముద్దుగా ‘నాలుగు ముఖాల అబద్ధాలకోరు’ అని పేరు పెట్టారు.

ఎందుకలా? లోపల నాలుగు గడియారాలున్నాయా? లేవు. 1847లో జేమ్స్ మాంగన్ చేసిన యంత్రం ఒక్కటే. దాన్నుంచే నాలుగు వైపులకీ కడ్డీలు, పళ్ల చక్రాలు వెళ్తాయి. పళ్ల మధ్య కాస్త వదులు ఉండి తీరాలి; అసలు లేకపోతే చక్రాలు బిగుసుకుపోతాయి. ఆ వదులే గాలికి దొరికిన సందు. ముళ్లేమో చెక్కవి, పెద్దవి. గాలి ఒకవైపు ముల్లును ముందుకు తోస్తుంది, మరోవైపు ముల్లును వెనక్కి నెడుతుంది. పైకెక్కే ముల్లుకు దాని సొంత బరువు కూడా అడ్డే. పన్నెండు అంకె దగ్గర నిటారుగా నిలిచేసరికి ఆ బరువు ఎటూ లాగదు. సరిగ్గా గంట కొట్టే వేళకి నాలుగూ ఒక్క మాట మీదికి వస్తాయంటారు.

గోపురం రంగులో కూడా ఏకాభిప్రాయం లేదు: రెండు వైపులు ఎర్ర ఇసుకరాయి, రెండు వైపులు తెల్ల సున్నపురాయి. శిఖరాన గాలి దిక్కు చూపేది కోడిపుంజు కాదు, బంగారు రంగు సాల్మన్ చేప! ఆ చేపలు ఈదే లీ నది ఒడ్డున పుట్టిన ఊరు మరి.