కారులో తాళంచెవి ఉండిపోతే

పిల్లలూ! మా తాతగారి ఇంట్లో ఒక భోషాణం ఉండేది. దాని తాళం చాలా పాతకాలంది. తాళంచెవి పెట్టి రెండుసార్లు తిప్పితేగాని అది పడేది కాదు. కనక తాళంచెవిని లోపల మరచిపోయి భోషాణానికి తాళం వేయటమనేది ఎంత పరధ్యానం మనిషికైనా సాధ్యం కాదు.

ఈనాటి కారు తలుపు అలాటిది కాదు. దాని లోపల ఒక చిన్న మోటారు ఉంటుంది. తాళంచెవి మీది మీట నొక్కగానే రేడియో తరంగాలు కారుకు అందుతాయి. మోటారు తిరిగి, నాలుగు తలుపుల గడియలూ ఒక్కసారిగా పడిపోతాయి. ఆ మీట నొక్కినది కారు యజమానా, ఏడాది పిల్లవాడా అన్నది కారుకు తెలియదు. కారు లోపల నుంచి నొక్కారో, బయట నుంచి నొక్కారో కూడా చాలా కార్లకు తెలియదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

నేను కళ్ళారా చూసిన సంగతి చెబుతాను, వినండి.

ఒక మే నెలలో పగలు పదకొండు గంటలవేళ తణుకు నరేంద్ర సెంటరులో ఒక బట్టల కొట్టు ముందు కారు ఒకటి ఆగింది. పెళ్ళి బట్టలు కొన్నారు కాబోలు, ఒకావిడ సంచులన్నీ కారులో పెట్టి, ఏడాదిన్నర కొడుకును వెనక సీటులో కూచోబెట్టింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఊరుకుంటాడని ఆవిడ తాళంచెవి వాడి చేతికిచ్చి, తలుపు మూసి, ముందు వైపుకు నడిచింది. ఇంతలో ‘టక్’మని చప్పుడైంది. పిల్లవాడు మీట నొక్కాడు. నాలుగు తలుపులూ పడ్డాయి.

జనం మూగారు. ఎవరికి తోచిన సలహా వాళ్ళు చెప్పారు. “ఇంకో తాళంచెవి అత్తిలిలో మా ఇంట్లో ఉందండీ,” అన్నదావిడ కంగారుగా. అత్తిలి వెళ్ళి రావాలంటే ఎంత లేదన్నా ముప్పావు గంట. ఒకాయన ఇనప స్కేలు తెచ్చి అద్దం సందులో దూర్చసాగాడు. నేను పెద్దమనిషి తరహాగా, “కొత్త కారు. తొందరపడి పాడుచెయ్యకండి. మెకానిక్కును పిలుద్దాం,” అన్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి! అప్పుడు నా మనసులో మెదిలినది పిల్లవాడు కాదు, అద్దం ఖరీదు.

అంతలో పన్నెండు పదమూడేళ్ళ అమ్మాయి ఒకతె నా చొక్కా పట్టుకు లాగి, “తాతగారండీ! బాబు ఏడుపు మానేశాడండీ!” అన్నది.

వాడు నిద్రపోయాడని మేమంతా అనుకుంటున్నాం. ఆ మాట విని అద్దానికి కళ్ళు ఆనించి చూశాను. వాడి మొహం కందగడ్డలా ఉంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. తల పక్కకు వాలిపోయింది. నాకు గుండె ఆగినంత పని అయింది. దగ్గరలోనే ఉన్న లారీ డ్రైవరు ఒకతను చక్రాలు విప్పే పానా తెచ్చి, పిల్లవాడికి దూరంగా ఉన్న అద్దాన్ని మూల మీద బలంగా కొట్టాడు. రెండు దెబ్బలకు అద్దం రాలిపోయింది. పిల్లవాణ్ణి నీడకు చేర్చి, తడిగుడ్డ పెట్టి విసిరాక, కొంతసేపటికి కళ్ళు తెరిచి అమ్మ కోసం ఏడ్చాడు. అంత కమ్మని ఏడుపు నేనెన్నడూ వినలేదు. మా తర్జనభర్జన అంతా కలిపి పన్నెండు నిముషాలు!

పన్నెండు నిముషాలలోనే అంత ప్రమాదం ఎలా వచ్చింది?

ఎండ అద్దంలో నుంచి సులువుగా లోపలికి పోతుంది. లోపలి సీట్లు ఆ ఎండకు కాగి, వేడిని తిరిగి పంపుతాయి. కాని ఆ వేడి కిరణాలు కంటికి కనిపించని వేరే రకం. వాటిని అద్దం సులువుగా పోనివ్వదు. కాగిన గాలికి కూడా బయటికి దారి లేదు. అందుచేత ఎండలో నిలిపిన కారులో పది నిముషాలలోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. గంటలో 20 డిగ్రీలకు పైనే పెరగవచ్చు. బయట 39 డిగ్రీలుంటే లోపల పది నిముషాలకు 49, గంటకు 60 అన్నమాట! అద్దాన్ని రెండంగుళాలు దించి ఉంచినా పెద్ద తేడా ఉండదని పరీక్షించి చూసినవారు తేల్చారు.

ఇది మీరే పరీక్షించవచ్చు. చలికాలం ఉదయం పేరుకున్న నెయ్యి రెండు చెంచాలు తీసి రెండు చిన్న పళ్ళాలలో వెయ్యండి. రెంటినీ ఎండలో పెట్టి, ఒకదాని మీద గాజుగ్లాసు బోర్లించండి. ఏది ముందు కరుగుతుందో చూడండి.

మన ఒంటికి వేడెక్కితే చెమట పోస్తుంది. ఆ చెమట ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. కాని గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. మన గోదావరి జిల్లాల ఉక్కపోత సంగతి మీకు తెలియనిదా? మూసిన కారులో మన ఊపిరిలోని తేమ కూడా దానికి తోడవుతుంది. పైగా పసిపిల్లల శరీరం పెద్దవాళ్ళ శరీరం కంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. కనక ఏడుపు ఆగిందంటే ఊరట పడరాదు; భయపడాలి.

మరి తాళంచెవి కారులో ఉండిపోతే ఏం చెయ్యాలి? మొట్టమొదట చూడవలసింది తాళంచెవి ఎక్కడున్నదని కాదు. సీట్లలో ఎవరైనా ఉన్నారా అని.

ఎవరూ లేకపోతే తొందరేమీ లేదు. అన్ని తలుపులూ, డిక్కీ కూడా లాగి చూడండి. ఒక్కొక్కప్పుడు ఒకటి పడకుండా ఉంటుంది. ఇంట్లో ఉన్న రెండో తాళంచెవి తెప్పించండి. అది లేకపోతే కారు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చెయ్యండి. కారు కాగితాలు చూపమని అడుగుతారు. కొన్ని బీమా పాలసీలలో దారిలో చేసే సహాయం కూడా చేరి ఉంటుంది. అంతేగాని సందులో తీగలూ స్కేళ్ళూ దూర్చకండి. ఈనాటి తలుపులలో కరెంటు తీగలుంటాయి. కొన్నిటిలో ప్రమాదవేళ రక్షించే గాలి సంచికి సంబంధించిన భాగాలు కూడా ఉంటాయి.

లోపల పసివాడో, ముసలివారో, మూగజీవమో ఉంటే లెక్క వేరు. పెద్దగా కేకేసి జనాన్ని పిలవండి. 112కు ఫోను చేయించండి. లోపలివారికి తెలివి ఉంటే గడియ తీయమని సైగ చెయ్యండి. కాని తీస్తారని కాచుకు కూచోవద్దు. వెంటనే పెద్దవాళ్ళచేత అద్దం పగలగొట్టించండి.

ఏ అద్దం? ముందు అద్దం మాత్రం కాదు. అది రెండు గాజు పలకల మధ్య పలచని ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. ఎంత కొట్టినా పగుళ్ళు పడుతుందేగాని ఊడిరాదు. చాలా కార్లలో పక్క అద్దాలను బాగా కాల్చి, చల్లని గాలితో చప్పున చల్లార్చి తయారుచేస్తారు. వాటి పైపొరలో గొప్ప బిగువు ఉంటుంది. పానా వంటి గట్టి ఇనప వస్తువుతో మూల మీద కొడితే ఆ బిగువు తెగి, అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. పిల్లవాడికి దూరంగా ఉన్న అద్దాన్నే కొట్టాలి. కొట్టేవారు చేతికి తువ్వాలు చుట్టుకోవాలి.

పిల్లవాణ్ణి బయటికి తీశాక నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ విసరాలి. తెలివి లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. 108 అంబులెన్సు రప్పించాలి.

పిల్లలూ, ఇక మీకొక్క మాట. 2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో — ఇది మన మండపేట దగ్గరి ద్వారపూడి కాదు — నలుగురు చిన్నపిల్లలు ఆడుకుందామని వెళ్ళి, ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. పెద్దవాళ్ళు వెతికి వెతికి, వాళ్ళను కారులో చూసేసరికి ఆలస్యమైపోయింది. నలుగురూ దక్కలేదు. ఆగిన కారు ఆటస్థలం కాదు. దాగుడుమూతలకు అందులో దూరకండి. ఎప్పుడైనా చిక్కుకుపోతే వెనక తలుపులతో కుస్తీ పట్టకండి. పిల్లల కోసం పెట్టిన గడియ వేసి ఉంటే అవి లోపల నుంచి రావు. ముందు సీటులోకి దాటి, అక్కడి తలుపు తీసి చూడండి. రాకపోతే హారను నొక్కుతూనే ఉండండి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా అది మోగుతుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. కారు తాళంచెవి ఆటవస్తువు కాదు. ఇంట్లోనైనా సరే, పిల్లల చేతికి అందనియ్యకండి. కారు ఆగి ఉన్నప్పుడు తలుపులు వేసే ఉంచండి. పిల్లవాడు కనిపించకపోతే బావితోబాటు కారులో కూడా చూడండి.

అద్దం ఎంత ఖరీదైనదైనా మళ్ళీ వేయించుకోవచ్చు. ఈ సంగతి ఆ రోజు తలపండిన హెడ్మాస్టరుకు తట్టలేదు, ఒక చిన్న అమ్మాయికి తట్టింది. ఆ సందడిలో ఆమె పేరు అడగటం కూడా మరిచాను. ఈ పేజీ ఆమె చదివితే, ఈ మేష్టారు తనకు శిష్యుడైనాడని తెలుసుకుంటుంది.