బాతుబొమ్మ బిళ్ళ

శీతకాలము సమీపింపగా ఉత్తరమునుండి దక్షిణమునకు తరలు అడవిబాతులకు ఎల్లలు లేవు. అవి దిగవలసిన మడుగులకు మాత్రము యజమానులు కలరు. పక్షిని కాపాడుదుమని శాసనము వ్రాయుట సులభము. మడుగును కొనుటకు సొమ్ము కావలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ చిక్కును విడదీసికొన్న తీరు వినదగినది.

డకోటా మైదానములలో ప్రాచీన హిమానీనదములు కరగిపోవుచు విడిచిన గుంటలు లక్షలకొలది కలవు. కరగిన మంచు నిండిన ఆ గుంటలే బాతులకు పురిటిండ్లు. రైతులు కాలువలు త్రవ్వి, ఆ నీటిని పారద్రోలి, గోధుమ చల్లిరి. (తిండిగింజలు పండించినవారిని తప్పుపట్టుట యెట్లు?) 1930 తరువాతి అనావృష్టి మిగిలినవానిని ఎండగట్టెను. వలసపక్షుల కొరకు భూములు సేకరింపవచ్చునని 1929లోనే చట్టము వచ్చెను గాని, దానికి నిలుకడయైన నిధి లేదు. ఆర్థికమాంద్యపు దినములలో ఖజానాను అడుగుటకు నోరెవరికి వచ్చును?

కావున వేటగాండ్రనే అడిగిరి. 1934 మార్చి 16న అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఆమోదించిన శాసనము ప్రకారము, పదునాఱేండ్లు నిండి బాతులను వేటాడగోరు ప్రతివాడును ఒక డాలరిచ్చి బిళ్ళ కొని, దానిపై సిరాతో సంతకము చేయవలెను. జాబుపై అంటించుటకు అది చెల్లదు. తొలి బొమ్మ గీసినవాడు జే. ఎన్. డార్లింగ్. పత్రికలలో వ్యంగ్యచిత్రములతో రూజ్‌వెల్టు విధానములను దులిపివేసినవాడు! అధ్యక్షుడు ఆతనినే పిలిచి వన్యప్రాణులను చూచు శాఖకు అధిపతిని చేసెను. ఇస్త్రీచేసి వచ్చిన చొక్కా మడతలోని అట్టముక్కలపై ఆతడు తొందరగా గీసినదే, మడుగున వాలుచున్న ఆ బాతుల జంట యని చెప్పుదురు. తొలియేడు 6,35,000 బిళ్ళలు చెల్లెను.

నేటివరకు ఈ సొమ్ముతో రక్షితమైన భూమి 60 లక్షల ఎకరములకు మించినది. డాలరులో 98 సెంట్లు భూములకే పోవును. అయినను చిక్కులు లేకపోలేదు. 1991లో 15 డాలర్లయిన వెల 2015 వరకు కదలలేదు. భూమి ధర ఊరకుండునా? ఆ 15 డాలర్లకు దొరకు చిత్తడినేల నానాటికి చిన్నదయ్యెను. తుదకు 2015లో వెలను 25 డాలర్లు చేసిరి. 1970 ప్రాంతమున ఏటా 20 లక్షలకు పైబడి అమ్ముడైన బిళ్ళలు ఇటీవల 15 లక్షల ప్రాంతమునకు దిగినవి. వేటగాండ్రు తగ్గిరని సంతోషింపవలసిన పక్షిప్రేమికులే నిధి తగ్గెనని దిగులుపడవలసివచ్చుట వింత.

బిళ్ళ కొనుటకు తుపాకి ఉండవలెనను నియమము మాత్రము లేదు. దుర్భిణితో పక్షులను చూచువారు, బిళ్ళలు కూర్చుకొను బాలురు ఎవరు వచ్చి అడిగినను తపాలా కచేరీలో ఇత్తురు.