రాతినార - జింకు ఆక్సైడు తీగ

కడప జిల్లాలో పులివెందుల ప్రాంతపు గనులనుండి ఒకప్పుడు త్రవ్వితీసిన రాతినారను చేతితో చీల్చినచో పోగులు పోగులుగా విడిపోవును. కంటికి కనబడు ఆ పోగు నిజమునకు ఒక్క పోగు కాదు. మిక్కిలి సన్నని గొట్టముల కట్ట. ఒక్కొక్క గొట్టము మందము సుమారు 25 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో 40,000వ వంతు. మెగ్నీషియము గల వేంపల్లె సున్నపురాతి పొరలలోనికి కరిగిన శిల చొచ్చుకొనివచ్చినచోట ఇది పుట్టినది. ఇందలి సిలికా పొర కొంచెము చిన్నది. దాని నంటియున్న మెగ్నీషియము హైడ్రాక్సైడు పొర కొంచెము పెద్దది. రెండును కుదురక, ఎండిన ఆకువలె చుట్టుకొనిపోవును.

ఇట్టి సన్నదనమును నేడు ప్రయోగశాలలో కొన్ని గంటలలో సాధించుచున్నారు. పదార్థము వేరు, ఉపాయమును వేరు. జింకు ఆక్సైడు తీగ గొట్టము కాదు, నిండు కడ్డీ.

జింకు ఆక్సైడు రేణువులు పలుచగా పూసిన గాజుపలకను జింకు నైట్రేటు, హెక్సమీను కలిపిన నీటిలో బోర్లించి, సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఉంచెదరు. హెక్సమీను మెల్లగా విడిపోయి అమ్మోనియా నిచ్చును, నీరు క్షారమగును, జింకు ఆక్సైడు ఆ రేణువులపై పేరుకొనును. అది గుండ్రని గింజ కాక తీగ యేల అగును? కారణము స్ఫటికములోనే ఉన్నది. దాని నిలువు అక్షమున ఒక కొన జింకు అయానులతోను, రెండవ కొన ఆక్సిజను అయానులతోను ముగియును. ఆవేశము గల ఈ ముఖములు నిలకడలేనివి. కొత్త అయానులను త్వరగా చేర్చుకొనును. ప్రక్క ముఖములు నెమ్మదిగా పెరుగును. అందుచే స్ఫటికము ఆరు పలకల పెన్సిలువలె పొడవుగా సాగును.

వేడిచేసిన తీగపై గాలిలోని ఆక్సిజను అంటుకొని, తీగలోని ఎలక్ట్రానులను పట్టియుంచును, విద్యున్నిరోధము హెచ్చును. ఆల్కహాలు ఆవిరి తగిలినచో ఆ ఆక్సిజనుతో చర్య జరిగి ఎలక్ట్రానులు విడుదల యగును, నిరోధము తగ్గును. లావు గింజలో ఈ మార్పు పైపొరకే పరిమితము. తీగయో, దాదాపు అంతయు పైపొరయే! కావుననే కొద్దిపాటి ఆవిరినైనను అది పసికట్టగలదు. ఇట్టి తీగను వంచినచో విద్యుత్తు పుట్టునని 2006లో అమెరికాలోని జార్జియా టెక్ సంస్థలో జాంగ్ లిన్ వాంగ్ బృందము చూపినది.

అయితే రాతినార చేసిన కీడును మరువరాదు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరబడి నిలిచిపోవును; తరువాత ఊపిరితిత్తులు గట్టిపడుటయు, కాన్సరును కలుగవచ్చును. 1986లో భారత ప్రభుత్వము రాతినార గనులకు కొత్త కౌలులిచ్చుటను, 1993లో పాతవానిని పొడిగించుటను ఆపినది. జింకు ఆక్సైడు ఆమ్లములో కరుగును గనుక శరీరములో అంతకాలము నిలువదు. రెంటిని ఒకే గాట కట్టుట సరికాదు. అట్లని అది నిరపాయమును కాదు. కరిగిన జింకు అధికమైనచో కణములకు హాని. జింకు పూసిన ఇనుమును వెల్డింగు చేయువారికి ఆ పొగవలన జ్వరము వచ్చుటయు కలదు. తీగలు నీటిలో పెరిగి పలకను అంటియున్నంతవరకు ధూళి లేదు. ఎండిన పలకను గీకినప్పుడే అది లేచును.